ఖాళీ కోర్సులో ఒక్కడివే ఆడితే బోరు కొడుతుందా?

ప్రశ్న: "అన్నా, మా అక్క అమెరికా నుంచి వస్తూ డిస్క్ గోల్ఫ్ డిస్కులు మూడు తెచ్చింది. అక్కడ తను పొద్దున్నే ఖాళీ కోర్సులో ఒక్కతే ఆడుతుందట, దానంత హాయి ఇంకోటి లేదంటుంది. మన అనంతపురంలో కోర్సూ లేదు, ఆడేవాళ్ళూ లేరు. ఒక్కడినే విసురుకుంటూ తిరిగితే ఏం మజా? జనం నవ్వరా? ఎక్కడ, ఎట్లా మొదలుపెట్టాలి?"

తమ్ముడూ, మీ అక్క మాట నిజమే. నేను అమెరికాలోని షార్లెట్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ ఆట ఆడాను, అనంతపురం వచ్చేశాక కూడా వదల్లేదు. అక్కడా ఇక్కడా ఎక్కువగా ఒక్కడినే. కోర్సు లేదు, జత లేదు అని నువ్వు దిగులు పడుతున్నావు గానీ, అక్కడివాళ్ళు నిద్ర మానుకుని చీకటితో లేచి వెళ్ళి సంపాదించుకునే ఏకాంతం నీకు ఊరికే దొరికింది. దాన్ని ఎట్లా వాడుకోవాలో తెలియకపోతే మాత్రం నువ్వు భయపడినట్టే వారం తిరక్కుండా బోరు కొడుతుంది, డిస్కులు అటకెక్కుతాయి.

ఆట తెలియనివాళ్ళూ చదువుతారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. ఇందులో డిస్కును చేత్తో విసిరి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడేట్టు చూస్తారు. డిస్కు ఎక్కడ పడితే అక్కడికి నడిచి, అక్కడి నుంచే మళ్ళీ విసరాలి. ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో పడితే అంత మంచి ఆట. ఆడే స్థలాన్ని కోర్సు అంటారు, మొదటి విసురు వేసే చోటును టీ అంటారు. ఒక టీ నుంచి దాని బుట్ట దాకా ఆడేది ఒక హోల్. కోర్సులో మామూలుగా 18 హోల్స్ ఉంటాయి. అమెరికాలో చాలా కోర్సులు ఊరి పార్కుల్లోనే, డబ్బు కట్టనక్కర్లేకుండా ఉంటాయి. ఊరికే వస్తే జనం ఊరుకుంటారా, శని ఆదివారాల్లో టీ దగ్గర వరసలో నిలబడాల్సిందే.

ముందు కోర్సు లేదన్న బాధ తీరుద్దాం. ఈ ఆటకు బుట్ట తర్వాత వచ్చింది, మొదట ఉన్నవి చెట్లే. ఫ్రిస్బీలు పట్టుకుని పార్కుల్లో, కాలేజీల్లో ఆడిన తొలితరం వాళ్ళు చెట్టు మొదలు, దీపస్తంభం, చెత్తడబ్బా, ఏది కనిపిస్తే దాన్నే గురిగా పెట్టుకున్నారు. వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని మెరుగుపరిచిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజిలిస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు పెట్టించాడు. అక్కడ కూడా ముందు గురి అంటే నేలలో పాతిన స్తంభమే. తగిలిందని ఒకడు, తగల్లేదని ఇంకొకడు వాదించుకోవడం ఎక్కువై, తగువు తెగడానికి గొలుసుల బుట్ట తయారుచేశాడు. 1976లో పీడీజీఏ అనే ఆటగాళ్ళ సంఘం పెట్టింది కూడా ఆయనే. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనవాళ్ళకు చెబితే నమ్మరు గానీ, నిజంగా జరిగిందే.

బుట్ట పుట్టింది తగువు తీర్చడానికైతే, తగువు పెట్టుకునే రెండో మనిషే లేని నీకు దాని అవసరం ఎంత? ఒక వేపచెట్టు చూసుకో. మొదలు చుట్టూ మొల ఎత్తున ఒక గుడ్డపీలిక, తల ఎత్తున ఇంకోటి కట్టు. ఆ రెంటి మధ్య డిస్కు తగిలితే హోల్ అయిపోయినట్టు. మేకులు కొట్టకు, చెట్టు మనది కాదు.

ఇక అసలు ప్రశ్న, ఒక్కడివే అయితే ఏం మజా అన్నది.

షార్లెట్‌లో హార్నెట్స్ నెస్ట్ పార్కులో ఒక కోర్సు ఉంది. అంతా అడవి, చెట్ల మధ్య ఇరుకు దారులు. పనిరోజున తెల్లారగానే పోతే పార్కింగ్‌లో మన కారు ఒక్కటే ఉంటుంది. రెండో హోల్ వైపు నడుస్తుంటే ముఖానికి సాలెగూడు తగులుతుంది. తగిలిందంటే ఆ పొద్దు ఆ దారిన నీకంటే ముందు ఎవరూ పోలేదని లెక్క. కొత్తలో చిరాకుతో తుడుచుకుంటాం. అలవాటయ్యాక, తగలకపోతే చిరాకు వస్తుంది, ఎవడో మనకంటే ముందే దూరాడని. గడ్డి మీద మంచు చెదరకుండా ఉంటుంది. డిస్కు నేలను తాకి జారితే, జారినంత మేరా పచ్చటి గీత పడుతుంది. ఎక్కడ తాకింది, ఎటు తిరిగి ఆగింది అన్నది ఆ గీతే చెప్తుంది. పది మంది తొక్కిన నేల మీద ఆ గీత ఎప్పటికీ కనబడదు.

కనబడటం ఒక్కటే అనుకోకు, వినబడటం కూడా ఉంది. డిస్కు వదిలేటప్పుడు మణికట్టు తడబడితే అది గాల్లో వణుకుతూ పోతుంది, ఆ వణుకుకు ఫరఫరమని ఒక చప్పుడు ఉంటుంది. శుభ్రంగా వదిలితే సన్నటి సద్దు తప్ప ఇంకేం రాదు. నలుగురితో మాట్లాడుతూ ఆడేటప్పుడు ఈ తేడా చెవిన పడదు. ఒక్కడివే ఉంటే డిస్కు దారి తప్పుతుందని కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. నాకు విసరడం సరిగ్గా వచ్చింది ఆ చప్పుడు వినడం అలవాటయ్యాకే.

ఇంకో సుఖం వెనక్కి నడవగలగడం. ఇది ఒంటరిగా ఆడేవాడికి తప్ప ఎవడికీ దొరకదు. విసిరింది ఒక చెట్టుకు కొట్టుకుందనుకో. నువ్వు ఆ చెట్టు దగ్గరికి పోయి, అక్కడ నిలబడి టీ వైపు తిరిగి చూస్తే, టీ మీద నుంచి కనబడని సందు ఒకటి కనబడుతుంది. నేరుగా వెనక్కి నడిచిపోయి ఆ సందులోంచి ఇంకోసారి విసరొచ్చు. మనుషులున్న కోర్సులో ఈ పని చేస్తే తిడతారు, తిట్టాలి కూడా. పోటీ నియమాల ప్రకారం నీ వంతు వచ్చాక 30 సెకన్లలో విసరాలి, పోయిన డిస్కును వెతకడానికి 3 నిమిషాలే ఇస్తారు. నలుగురున్నప్పుడు ఆ నియమాలు న్యాయం. నీ ఒక్కడి కోసం పెట్టిన నియమాలు కావవి.

స్కోరు సంగతి కూడా అంతే. పోటీల్లో ఆటగాళ్ళను ముగ్గురికి తక్కువ కాకుండా జట్లుగా పంపుతారు, ఒకరి లెక్క ఇంకొకరు చూడాలి కాబట్టి. అంటే ఒక్కడివే ఆడిన రౌండ్ స్కోరు లోకంలో ఎక్కడా చెల్లదు. చెల్లని లెక్క కోసం టెన్షన్ పడేదేముంది? ఈ సంగతి బుర్రకెక్కితే చెయ్యి దానంతటదే వదులవుతుంది. దీనికో నష్టం కూడా ఉందనుకో. టీ నుంచి మొదటి విసురే బుట్టలో పడితే దాన్ని ఏస్ అంటారు. జట్టులో ఉన్నప్పుడు ఏస్ పడితే అందరూ ఆ డిస్కు మీద సంతకాలు పెడతారు, చాలామంది దాన్ని గోడకు తగిలించుకుంటారు. నాకు ఏస్ పడిన పొద్దు చుట్టుపక్కల నరమానవుడు లేడు. ఇంటికొచ్చి ఆవిడతో చెప్తే "పాలు తెచ్చారా?" అంది.

జనంలో ఆడితే వచ్చే సంతోషం వేరు, దాన్ని తక్కువ చెయ్యను. 2021 ప్రపంచ పోటీల్లో, యూటాలోని ఆగ్డెన్‌లో, చివరి హోల్‌లో జేమ్స్ కాన్రాడ్ దాదాపు 75 మీటర్ల దూరం నుంచి విసిరి బుట్టలో వేశాడు. దాంతో పాల్ మెక్‌బెత్‌తో సమమై, తర్వాత ప్లేఆఫ్‌లో గెలిచాడు. వీడియోలో ఆ జనం అరుపులు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అట్లాంటిది ఒంటరిగా దొరకదు. దొరికేది వేరే, దాన్ని దానిగానే తీసుకోవాలి. ఖాళీ కోర్సును జతగాళ్ళు రాని లోటుగా చూసేవాడికి అది నిజంగానే బోరు.

ఒక్కడే ఆడేవాళ్ళకు పట్టుకునే జబ్బు ఒకటి చెప్తాను. రెండు డిస్కులు విసిరి మంచిగా పడ్డదాన్ని లెక్కేసుకోవడం, దగ్గర్లో పడ్డదాన్ని విసరకుండానే "అయిపోయినట్టేలే" అని తీసుకోవడం. ఇది నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత చప్పబడిపోతుంది, ఎందుకంటే ఏ విసురుకూ విలువ ఉండదు. నా సలహా దీనికి తిరగేసి ఉంటుంది. రెండు విసురు, రెంట్లో దరిద్రంగా పడ్డదాని దగ్గరికి నడువు. అక్కడి నుంచి మళ్ళీ రెండు విసురు, మళ్ళీ చెడ్డదే తీసుకో. చివర్లో, మూడు అడుగుల దూరం నుంచైనా సరే, రెండూ తగలాలి. ఒకటి తగిలి ఒకటి తప్పితే తప్పినట్టే. ఇట్లా తొమ్మిది హోల్స్ ఆడి చూడు, గంటన్నర ఎట్లా పోయిందో తెలియదు. పక్కన మనిషి ఉంటే ఈ ఆట ఆడనే లేవు, వాడికి పిచ్చెక్కుతుంది. మరీ నీరసంగా ఉన్న రోజుల్లో మాత్రం లెక్కే పెట్టకు, ఊరికే విసురుకుంటూ నడువు. అదీ ఆటే.

ఇప్పుడు అనంతపురం సంగతి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మాత్రం మొదలుపెట్టకు. పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళు, క్రికెట్ పిల్లలు, కానిస్టేబుల్ సెలక్షన్‌కు పరుగు తీసేవాళ్ళు, అందరూ అక్కడే. పిల్లలాడుకునే ఫ్రిస్బీ అనుకుని విసిరితే పొరపాటు. ఈ డిస్కు 21 సెంటీమీటర్ల వెడల్పున, 170 గ్రాములకు అటూఇటుగా ఉంటుంది, దూరం విసరడానికి వాడే డిస్కును డ్రైవర్ అంటారు, దాని అంచు గట్టిగా, సన్నగా ఉంటుంది. ముఖానికి తగిలితే కుట్లు పడతాయి. ఊరికి ఎడంగా పోవాలి.

మనకు అందుకు కరువు లేదు. నేను ఆడేది శింగనమల దిక్కున మా చిన్నాయన వాళ్ళ మెట్టభూమిలో. కొంత చేను, కొంత బీడు, వెనక పెద్ద బండరాళ్ళ గుండ్లు. శెనక్కాయ జూన్, జూలైల్లో విత్తితే అక్టోబరు, నవంబరుకు పీకేస్తారు. ఆ తర్వాత మళ్ళీ వానల దాకా నేల ఖాళీ. కంది సాళ్ళు వేసిన చోట మాత్రం జనవరి దాకా ఆగాలి, పంటలో కాలు పెట్టడం తప్పు. అడిగి పో. "డిస్క్ గోల్ఫ్" అంటే ఎవరికీ అర్థం కాదు, "పొద్దున్నే కొంచెంసేపు ప్లేటు ఇసురుకుంటాను చిన్నాయనా" అంటే చాలు. వెర్రివాడనుకుంటారేమో గానీ వద్దనరు.

నా మూడో హోల్ చెప్తాను, మిగతావి నువ్వే ఊహించుకో. ఎండిపోయిన వంక గట్టు మీద నిలబడతాను. ఎదురుగా రెండు గుండ్లు, వాటి మధ్య సందు చేతులు బార చాపినంత. సందు అవతల ఒంటి కానుగ చెట్టు, అదే గురి. సందులోంచి నేరుగా పంపితే రెండు విసుర్లలో అయిపోతుంది. కుడి గుండు మీదుగా ఎత్తి వేస్తే ఎడమకు వాలి చెట్టు పక్కన దిగుతుంది, కానీ అవతల కంప. గుండుకు కొట్టుకుంటే మాత్రం డిస్కు అంచు లేస్తుంది. ఒకే డిస్కుతో వరసగా సందులోంచి, పైనుంచి, సందులోంచి అని మార్చి మార్చి వేస్తాను. ఎండ గుండ్ల మీదికి వచ్చేదాకా ఆ ఒక్క హోల్ దగ్గరే ఉండిపోయిన రోజులున్నాయి. తొందరపెడుతూ వెనకాల నిలబడి దగ్గేవాళ్ళు ఎవరూ లేరు కదా.

అక్కడే ఒక పొద్దు గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన ఆగి చూశాడు.

"ఏమప్పా, అది మల్లా నీ దగ్గరికే వస్తాదా?"

"రాదు పెద్దాయనా, నేనే దాని కాడికి పోవల్ల."

"అట్లయితే ఇసిరేదెందుకు?"

నేను నవ్వి ఇంకోటి విసిరాను. అది కుడికి కొట్టుకుపోయి కంపలో పడింది. ఆయన దుప్పటి సర్దుకుని, "గాలి పడమట్నించి లేసింది, ఈతూరి కిందికి ఎయ్" అన్నాడు. అట్లాగే వేశాను, సందులోంచి పోయింది. గొర్రెల వెంట నడిచేవాళ్ళకు గాలి సంగతి మనకంటే ముందు తెలుస్తుంది.

గాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కోర్సంటే నేలకంటే గాలే ఎక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఆగకుండా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా ఎడమకు తీసుకెళ్ళి అక్కడి నుంచి విసిరితే డిస్కు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. వేగంగా ఉన్నంతసేపు నేరుగానో కొంచెం కుడికో పోయి, వేగం తగ్గాక ఎడమకు వాలి దిగుతుంది. ఎదురుగాలి ఉంటే డిస్కును తాకే గాలి వేగం పెరుగుతుంది. దాంతో నువ్వు విసిరినదానికంటే గట్టిగా విసిరినట్టు అది ప్రవర్తిస్తుంది, పైకి లేచి కుడికి తిరగబడుతుంది. అందుకే పెద్దాయన కిందికి వెయ్యమన్నది. వెనక గాలిలో దీనికి వ్యతిరేకం, త్వరగా కూర్చుంటుంది, ఎడమ వాలు ముందే మొదలవుతుంది. పక్క గాలి డిస్కు అడుగును తాకితే ఎత్తుకుపోతుంది, పై భాగాన్ని తాకితే నేలకు నొక్కేస్తుంది. ఇవన్నీ చదివి తెలుసుకోవచ్చు. చేతికి రావాలంటే మాత్రం ఒకే చోట నిలబడి, ఒకే గాలిలో, అడ్డమొచ్చేవాళ్ళు లేకుండా విసరాలి. ఖాళీ బీడు దీనికి ఉపయోగపడ్డంతగా ఏ పార్కూ ఉపయోగపడదు.

కొత్తవాడివి కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మొదలుపెట్టు. పొద్దున చల్లగా ఉంటుంది, గాలి నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతాయి, ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే జిల్లా మనది, వాన వల్ల ఆట ఆగడం అన్నది పెద్దగా ఉండదు. రైతు కొడుకుని, ఇది సంతోషంగా చెప్పే మాట కాదులే.

ఒంటరిగా పోతున్నావు కాబట్టి కొన్ని విషయాలు గట్టిగా చెప్తున్నాను, ఇక్కడ తేలిగ్గా తీసుకోకు. మొదటిది బావులు. మన మెట్ట చేలల్లో గట్టు లేని ఎండు బావులు బోలెడు, కొన్నిటి చుట్టూ కంప పెరిగి కనబడవు. డిస్కును చూస్తూ తల పైకెత్తి నడవడం ఈ ఆటలో అలవాటు, అదే ప్రమాదం. మొదటి రోజు డిస్కులు లేకుండా పోయి, నేలంతా తిరిగి, ఎక్కడేముందో చూసుకుని తర్వాతే గురులు పెట్టుకో. బావి ఉన్న వైపు విసిరే హోల్ పెట్టకు. రెండోది, అడవి పందులకని కొందరు చేల చుట్టూ కరెంటు తీగ కడతారు. చట్టవిరుద్ధమే, అయినా కడతారు. అందుకే చీకటితో పోవద్దు, వెలుతురు వచ్చాకే. తీగ కనబడితే రైతును అడగకుండా అవతలికి పోవద్దు. డిస్కు ట్రాన్స్‌ఫార్మర్ మీదో మోటారు లైను మీదో పడితే అది పోయినట్టే, దాని మీద ఆశ వదులుకో. కంపలో చెయ్యి పెట్టకు, కర్రతో కదిలించు, రక్తపింజర ఉండొచ్చు. చెప్పులు వద్దు, మందం అడుగున్న బూట్లు వేసుకో, కంప ముల్లు చెప్పును దాటుకుని వస్తుంది. ఎటు పోతున్నావో ఇంట్లో చెప్పిపో. నీళ్ళు రెండు సీసాలు.

డిస్కు పోవడం మాత్రం తప్పదు. పడ్డ చోటును ఏదో ఒక గుర్తుతో, చెట్టో రాయో, కలిపి పెట్టుకుని, కళ్ళు తిప్పకుండా నేరుగా నడువు. దొరక్కపోతే, తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం తల దించుకుని సాలు వెంట సాలు నడుస్తారే, అట్లా వెతకాలి. అటూ ఇటూ పరిగెత్తితే దొరకదు. ఎర్రమన్నులో ఎరుపు, నారింజ డిస్కులు కలిసిపోతాయి, ఎండుగడ్డిలో పసుపు కలిసిపోతుంది. నీలమో తెలుపో కొనుక్కో. డిస్కు అడుగున పర్మనెంట్ మార్కర్‌తో ఫోన్ నంబరు రాయి. అమెరికాలో చాలామంది రాస్తారు, దొరికినవాళ్ళు ఫోన్ చేసి ఇస్తారు. ఇక్కడా పనిచేస్తుంది. నాకొక నీలం డిస్కు గురించి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఇది దేనికి మూత?"

జనం నవ్వరా అన్నావు. నవ్వుతారు. మొదటి వారం నవ్వుతారు, రెండో వారం అడుగుతారు, మూడో వారం "ఒకసారి నాకియ్యి" అంటారు. ఇయ్యి. దగ్గర్నుంచి గురికి వేసే పుటర్ అనే డిస్కు ఇయ్యి, డ్రైవర్ ఇవ్వకు, అది కొత్త చేతిలో ఎటైనా పోతుంది. అంతకుమించి దీని గురించి ఆలోచించే పని లేదు.

మీ అక్క తెచ్చిన మూడింటి గురించి. కొత్తవాళ్ళ సెట్ అయితే సాధారణంగా ఒక డ్రైవర్, ఒక మిడ్‌రేంజ్, ఒక పుటర్ ఉంటాయి. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి: వేగం, గాల్లో నిలిచే గుణం, మొదట్లో కుడికి తిరిగే గుణం, చివర్లో ఎడమకు వాలే గుణం. ఉదాహరణకు ఇన్నోవా కంపెనీ లెపర్డ్ మీద 6, 5, మైనస్ 2, 1 అని ఉంటుంది. అంటే మోస్తరు వేగం, బాగా తేలుతుంది, కుడికి కొంచెం తిరుగుతుంది, చివర్లో పెద్దగా వాలదు. కొత్త చేతికి సరిగ్గా ఇట్లాంటిదే కావాలి. 12, 13 వేగం రాసి ఉన్నవాటి జోలికి ఇప్పుడే పోకు. అంత వేగం నీ చేతిలో లేనప్పుడు అవి చెయ్యి వదలగానే ఎడమకు కూలిపోతాయి. మొదటి నెల నిజానికి పుటర్ ఒక్కటే చాలు. పది మీటర్ల లోపల విసిరేదాన్ని పుట్ అంటారు, అక్కడ విసిరాక తూలి ముందుకు పడకూడదన్నది నియమం. వేపచెట్టు నుంచి పన్నెండు, పదమూడు అంగలు కొలిచి ఒక గీత గీసుకో, ఆ గీతకు ఇవతలే నీ నెల గడిచిపోతుంది. ఎంత దూరం విసిరావో కొలవాలని ఉంటే యూడిస్క్ అనే యాప్ ఫోన్‌లో వేసుకో, కోర్సు లేని చోట కూడా కొలుస్తుంది. మామూలు ప్లాస్టిక్ డిస్కులు మన గులకరాళ్ళ మీద త్వరగా గీరుకుపోతాయి. గీరుకుపోయినకొద్దీ కుడికి తిరగడం ఎక్కువవుతుంది, అది డిస్కు తప్పు, నీ చెయ్యి చెడిందనుకుని కంగారుపడకు.

చివరగా, బుట్ట కావాలని అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. గొలుసు చప్పుడు వేరు. విదేశాల నుంచి తెప్పిస్తే బరువుకే డబ్బులు పోతాయి. ఊళ్ళో వెల్డింగ్ షాపులో ఫోటో చూపించి, నడుము ఎత్తున బుట్ట, మీద ఒక ఇనప చక్రం, దాని నుంచి వేలాడే గొలుసులు అని చెప్తే చేసిపెడతారు. కానీ తొందరపడకు. చెట్టుకు గుడ్డపీలిక కట్టి ఆడుకున్నన్నాళ్ళూ ఆ బీడు నీది. ఎండలో మెరిసే బుట్ట ఒకటి నిలబెట్టావంటే మర్నాటికల్లా పక్కూరి పిల్లలంతా అక్కడే ఉంటారు, వరసలో నీ వంతు కోసం నువ్వు ఆగాలి.